వేర్ లేకుండా రన్ చేసిన మధ్యాహ్నం: డేటాబేస్ పనిలో ఆరు పాఠాలు

 

పోయిన ఎపిసోడ్‌లో జాయిన్స్ గురించి మాట్లాడుకున్నాం. దాని కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాం, ఇంటర్వ్యూ కూడా పాస్ అయ్యాం. కానీ మొదటిసారి ప్రొడక్షన్ యాక్సెస్ ఇస్తే చేతులు వణుకుతున్నాయి. ఏం చెయ్యాలి?" అని.

ముందు ఒక మాట చెప్తాను. చేతులు వణకడం మంచిదే. వణకని చేతులతోనే నేను నా కెరీర్‌లో అతి పెద్ద తప్పు చేశాను. ఈరోజు ఆ కథతోనే మొదలుపెడదాం. ఆ తర్వాత ఆరు పాఠాలు చెప్పుకుందాం. ఇవి ఇంటర్వ్యూ ప్రశ్నలు కావు, ఉద్యోగంలో చేరాక పనికొచ్చే విషయాలు.

సరే, కథలోకి వెళ్దాం. నేను ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఇళ్ళకి సరుకులు డెలివరీ చేసే ఒక కంపెనీకి మేము సపోర్ట్ చేసేవాళ్ళం. ఒక మధ్యాహ్నం లంచ్ తర్వాత చిన్న టికెట్ వచ్చింది. ఒక కస్టమర్ తన మొబైల్ నంబర్ మార్చమన్నారు, అంతే. అప్పటికి అలాంటివి వందసార్లు చేసి ఉంటాను.

క్వెరీ రాశాను. మొదటి లైన్‌లో అప్‌డేట్ కస్టమర్స్ సెట్ మొబైల్ ఈక్వల్ టు కొత్త నంబర్. రెండో లైన్‌లో వేర్ కస్టమర్ ఐడీ ఇంత. క్వెరీ కరెక్టే, ఎక్కడా తప్పు లేదు. కానీ రన్ చేసేటప్పుడు మౌస్‌తో సెలెక్ట్ చేసి బటన్ నొక్కాను. ఆ సెలెక్షన్‌లో మొదటి లైన్ మాత్రమే పడింది. చాలా ఎడిటర్లలో ఎంత సెలెక్ట్ చేస్తే అంతే రన్ అవుతుంది కదా. అదే జరిగింది.

కింద మెసేజ్ వచ్చింది: 41 వేల చిల్లర రోస్ అఫెక్టెడ్.

ఒక రో అని రావాలి. 41 వేలు అని వచ్చింది. ఆ క్షణంలో కడుపులో ఏమవుతుందో, అది జరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఏసీ ఫుల్‌లో ఉన్నా చెమటలు పట్టాయి.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి, ఎందుకంటే అసలు తప్పు అప్డేట్ కాదు. ఆ తర్వాత నేను చేసింది అసలు తప్పు. ఎవరికీ చెప్పలేదు. 20 నిమిషాలు నా సీట్లోనే కూర్చుని, నేనే సరిచేసేద్దాం అని గూగుల్‌లో వెతికాను. అప్‌డేట్‌ని వెనక్కి తీసుకోవడం ఎలా అని. రోల్‌బ్యాక్ కొట్టాను. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోతే రోల్‌బ్యాక్ దేన్ని వెనక్కి తీసుకుంటుంది? ఏమీ లేదు.

ఆ 20 నిమిషాల్లో బయట ఏం జరుగుతోందో తెలుసా? సిస్టమ్ మామూలుగా పనిచేస్తోంది. డెలివరీ ఓటీపీలు, అడ్రస్‌తో ఉన్న మెసేజ్‌లు, అన్నీ వెళ్తున్నాయి. కానీ 41 వేలమందికీ ఇప్పుడు ఒకటే నంబర్. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ ఓటీపీలన్నీ ఆ ఒక్క కస్టమర్ ఫోన్‌కి వెళ్తున్నాయి. ఆయన పాపం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, "బాబూ, నా ఒక్క నంబరే కదా మార్చమన్నాను, ఊరందరి మెసేజ్‌లూ నాకెందుకు పంపుతున్నారు?" అని అడిగారు. గుమ్మం దగ్గర సరుకులు పట్టుకుని నిలబడ్డ డెలివరీ కుర్రాళ్ళకి ఓటీపీ రాదు. ఇంట్లో ఉన్నవాళ్ళకి విషయం తెలియదు.

అప్పుడు లేచి వెళ్ళి మా సీనియర్ డీబీఏ గారికి చెప్పాను. అరుస్తారనుకున్నాను. ఆయన అరవలేదు. రెండే ప్రశ్నలు అడిగారు. "మెసేజ్‌లు పంపే జాబ్ ఆపారా? అప్‌డేట్ రన్ చేసిన టైమ్ కరెక్ట్‌గా ఎంత?" అంతే. ముందు మెసేజ్ జాబ్ ఆపించారు. తర్వాత రాత్రి తీసిన ఫుల్ బ్యాకప్‌ని వేరే సర్వర్‌లో రిస్టోర్ చేశారు. దాని మీద లాగ్ బ్యాకప్‌లు వరసగా వేసుకుంటూ, నా అప్‌డేట్‌కి ఒక్క నిమిషం ముందు వరకు తెచ్చి ఆపారు. అక్కడి నుంచి మొబైల్ నంబర్లు మాత్రం, కస్టమర్ ఐడీతో మ్యాచ్ చేసి అసలు టేబుల్‌లోకి తెచ్చారు. సాయంత్రానికి అంతా సర్దుకుంది.

నా ఉద్యోగం పోలేదు. కానీ ఆయన చివర్లో ఒక మాట అన్నారు. "తప్పు ఎవరైనా చేస్తారమ్మా. కానీ ఆ 20 నిమిషాలు మాత్రం నువ్వు కావాలని చేసిందే." ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఇప్పుడు పాఠాలు చూద్దాం. బస్సులోనో మెట్రోలోనో ఫోన్‌లో చదువుతుంటే, నచ్చిన దగ్గర స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మొదటి పాఠం: ముందు సెలెక్ట్, తర్వాతే అప్‌డేట్.

అప్‌డేట్ గానీ డిలీట్ గానీ రాసే ముందు, అదే వేర్ కండిషన్‌తో సెలెక్ట్ కొట్టండి. ఎన్ని రోస్ వచ్చాయో చూడండి. ఒకటి రావాల్సిన చోట ఒకటే వచ్చిందా? అప్పుడు బిగిన్ ట్రాన్సాక్షన్ అని మొదలుపెట్టి అప్‌డేట్ రన్ చెయ్యండి. కింద వచ్చిన లెక్క, ముందు చూసిన లెక్క ఒకటే అయితే కమిట్. తేడా వస్తే రోల్‌బ్యాక్. ఈ అలవాటుకి అరనిమిషం పడుతుంది. నాకు ఆ అరనిమిషం లేకే సాయంత్రం దాకా పట్టింది.

ఇక్కడ మూడు జాగ్రత్తలున్నాయి. ఒకటి, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడింట్లోనూ మామూలుగా ఆటోకమిట్ ఆన్‌లో ఉంటుంది. అంటే మీరు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోతే ప్రతి స్టేట్‌మెంట్ అక్కడికక్కడే కమిట్ అయిపోతుంది. రెండు, ట్రంకేట్ ఒక్కో డేటాబేస్‌లో ఒక్కోలా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ లోపల చేస్తే ట్రంకేట్‌ని కూడా వెనక్కి తీసుకోవచ్చు. ఒరాకిల్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో కుదరదు, అక్కడ ట్రంకేట్ తనంతట తనే కమిట్ అయిపోతుంది. మూడు, ట్రాన్సాక్షన్ ఓపెన్ చేసి టీకి వెళ్ళొద్దు. మీరు పట్టుకున్న లాక్‌లు అలాగే ఉంటాయి. మీరు టీ తాగి వచ్చేసరికి వెనకాల అప్లికేషన్ మొత్తం మీకోసం క్యూలో నిలబడి ఉంటుంది.

ఇంకో సరదా విషయం. మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్‌లో సేఫ్ అప్‌డేట్స్ అని ఒక ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే, కీ మీద వేర్ కండిషన్ గానీ, లిమిట్ గానీ లేని అప్‌డేట్‌నీ, డిలీట్‌నీ రన్ చెయ్యనివ్వదు. దానికి వాళ్ళే పెట్టిన రెండో పేరు "ఐ యామ్ ఎ డమ్మీ". నేను సంతోషంగా ఆ డమ్మీనే. మీరూ సిగ్గుపడకుండా ఆన్ చేసుకోండి.

రెండో పాఠం: నువ్వు ఎక్కడున్నావో చూసుకో.

దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ ఉంది. గిట్‌ల్యాబ్ పేరు వినే ఉంటారు. 2017 జనవరి 31 రాత్రి వాళ్ళ డేటాబేస్ మీద లోడ్ బాగా పెరిగింది. రెండో సర్వర్, అంటే సెకండరీ, ప్రైమరీతో అందుకోలేక వెనకబడిపోయింది. దాన్ని మళ్ళీ మొదటి నుంచి సింక్ చెయ్యాలంటే, సెకండరీలో ఉన్న డేటా ఫోల్డర్ ఖాళీగా ఉండాలి. ఒక ఇంజనీర్ ఆ ఫోల్డర్ డిలీట్ చేసే కమాండ్ కొట్టాడు. కానీ అతను ఉన్నది సెకండరీలో కాదు, ప్రైమరీలో. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపేశాడు. అప్పటికే సుమారు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మాత్రం మిగిలింది.

రెండు టెర్మినల్ విండోలు, రెండూ ఒకేలా ఉంటాయి. అర్ధరాత్రి, అలసిపోయిన కళ్ళు. అది మనకి కూడా జరగొచ్చు. అందుకే చిన్న పనులు చేసుకోండి. ప్రొడక్షన్ కనెక్షన్‌కి ఎర్ర రంగు పెట్టండి, టెస్ట్‌కి ఆకుపచ్చ. చాలా టూల్స్‌లో ఈ సదుపాయం ఉంది. ప్రమాదకరమైన కమాండ్ కొట్టే ముందు సర్వర్ పేరు ఒకసారి ప్రింట్ చేసి, పైకి చదవండి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. అసలు రోజువారీ పనికి చదివే పర్మిషన్ మాత్రమే ఉన్న లాగిన్ వాడండి. మార్చే లాగిన్ అవసరం పడ్డప్పుడే ఓపెన్ చెయ్యండి.

మూడో పాఠం: రిస్టోర్ చేసి చూడని బ్యాకప్, బ్యాకప్ కాదు.

గిట్‌ల్యాబ్ కథ అక్కడితో అయిపోలేదు. డేటా పోయింది, సరే, బ్యాకప్ తీద్దాం అనుకున్నారు. రోజూ బ్యాకప్ తీసి క్లౌడ్‌లో పెట్టే ఏర్పాటు ఉంది. వెళ్ళి చూస్తే అక్కడ ఏమీ లేదు. ఎందుకంటే డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే టూల్ వెర్షన్ 9.2. వెర్షన్ కలవక బ్యాకప్ ఫెయిల్ అవుతూ ఉంది. మరి ఫెయిల్ అయితే ఈమెయిల్ రావాలి కదా? ఈమెయిల్స్ పంపింది, కానీ సరైన సంతకం లేని మెయిల్స్ అని అవతలి సర్వర్ తిరస్కరించింది. ఎవరికీ చేరలేదు. డిస్క్ స్నాప్‌షాట్లు ఉన్నాయా అంటే, డేటాబేస్ సర్వర్లకి అవి ఆన్ చెయ్యలేదు.

చివరికి కాపాడింది ఏమిటో తెలుసా? అదృష్టం. ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు, టెస్టింగ్ పనికోసం ఒక ఇంజనీర్ చేత్తో ఒక స్నాప్‌షాట్ తీశాడు. దాంతోనే మర్నాడు సైట్ నిలబెట్టారు. ఆ ఆరు గంటల్లో చేరిన డేటా మాత్రం పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త యూజర్ అకౌంట్లు పోయాయని వాళ్ళే రాశారు.

ఇప్పుడు నా కథ గుర్తు చేసుకోండి. మా సీనియర్ గారు సాయంత్రానికల్లా ఎలా సరిచేయగలిగారు? ఆయనకి ఒక అలవాటు ఉండేది. నెలకోసారి, ఏ సమస్యా లేకపోయినా, ఒక బ్యాకప్ తీసుకెళ్ళి వేరే సర్వర్‌లో రిస్టోర్ చేసి చూసేవారు. ఎంత టైమ్ పట్టిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవారు. మేమందరం అప్పట్లో "ఈయనకి పని లేదా?" అని నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు ఆయన చేతులు వణకలేదు, ఎందుకంటే ఆ పని అప్పటికే చాలాసార్లు చేసి ఉన్నారు.

ఇంకోటి. రెప్లికా ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అని కొందరు అడుగుతారు. రెప్లికా అంటే అద్దం లాంటిది. మీరు ఇక్కడ తప్పు చేస్తే, అక్కడ కూడా అదే తప్పు కొన్ని క్షణాల్లో కనిపిస్తుంది. సర్వర్ పాడైతే రెప్లికా కాపాడుతుంది. మనిషి చేసిన తప్పు నుంచి బ్యాకప్ ఒక్కటే కాపాడుతుంది.

నాలుగో పాఠం: ఇండెక్స్ అంటే ఏమిటో చదివింపుల పుస్తకం చెప్తుంది.

పెళ్ళిలో చదివింపులు రాసే పుస్తకం చూశారు కదా. ఎవరు ముందొస్తే వాళ్ళ పేరు ముందు. ఇప్పుడు అమ్మ అడిగింది, "ఒరేయ్, కొండపల్లి వాళ్ళు ఎంత చదివించారో చూడు" అని. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాల్సిందే. దీన్నే ఫుల్ టేబుల్ స్కాన్ అంటారు. అదే పుస్తకం వెనక, ఇంటిపేర్లు అక్షర క్రమంలో రాసి, పక్కన పేజీ నంబర్ వేస్తే? నేరుగా ఆ పేజీకి వెళ్తాం. అదే ఇండెక్స్.

ఆ జాబితా ఇంటిపేరు ముందు, పేరు తర్వాత అనే వరసలో ఉందనుకోండి. "కొండపల్లి" అంటే దొరుకుతుంది. "కొండపల్లి వెంకటేశ్వర్లు" అంటే ఇంకా తొందరగా దొరుకుతుంది. ఉత్త "వెంకటేశ్వర్లు" అంటే? ఆ వరస పనికిరాదు, మళ్ళీ మొత్తం వెతుక్కోవాలి. రెండు కాలమ్‌ల ఇండెక్స్ కూడా ఇంతే. ఏ కాలమ్ ముందు పెట్టాలన్నది మీ క్వెరీలు చూసి నిర్ణయించుకోవాలి. అలాగని ప్రతి కాలమ్‌కీ ఇండెక్స్ పెట్టొద్దు. కొత్తగా ఒకరు చదివించిన ప్రతిసారీ వెనక ఉన్న ఆ జాబితాలన్నీ కూడా సరిచెయ్యాలి కదా. ఇన్సర్ట్‌లు నెమ్మదిస్తాయి.

ఇండెక్స్ ఉన్నా వాడుకోని సందర్భాలు రెండు చెప్తాను. ఒకటి, కాలమ్ మీద ఫంక్షన్ పెట్టడం. ఆర్డర్ తేదీలోంచి సంవత్సరం తీసి 2024తో పోలిస్తే మామూలు ఇండెక్స్ పక్కకి పోతుంది. దాని బదులు 2024 జనవరి 1 నుంచి, 2025 జనవరి 1కి ముందు వరకు అని రేంజ్ ఇవ్వండి. రెండు, టైప్ తేడా. మైఎస్‌క్యూఎల్‌లో మొబైల్ నంబర్ కాలమ్ టెక్స్ట్‌గా ఉంటే, మీరు కోట్స్ లేకుండా అంకెగా ఇచ్చి పోలిస్తే ఆ ఇండెక్స్ వాడలేదు. రెండు కోట్స్ గుర్తులు మర్చిపోయినందుకు పేజీ లోడ్ అవ్వక జనం తిట్టుకుంటారు. అనుమానం వస్తే క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూడండి. ఊహించొద్దు, అడగండి.

ఐదో పాఠం: తెలుగు డేటా పెట్టేటప్పుడు బైట్లు లెక్కపెట్టండి.

ఇది మనకి ప్రత్యేకంగా కావాలి, ఎందుకంటే ఈ సమస్య ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో రాదు. యూటీఎఫ్ 8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్. తెలుగులో ఒక్కో కోడ్‌కి మూడు బైట్లు. పైగా మనకి కంటికి ఒకటిగా కనిపించే "క్షి" లోపల నాలుగు కోడ్‌లు: క, పొల్లు, ష, గుడి. మొత్తం 12 బైట్లు. ఒరాకిల్‌లో వార్‌క్యార్ టూ 50 అని పెడితే, మామూలు సెట్టింగ్‌లో అది 50 అక్షరాలు కాదు, 50 బైట్లు. అంటే 16 తెలుగు కోడ్‌లు. చాలామంది పూర్తి పేరు కూడా పట్టదు. అక్కడ 50 క్యార్ అని రాయాలి.

మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో తమాషా. అందులో చాలాకాలం యూటీఎఫ్ 8 అని పిలిచిన దాంట్లో అక్షరానికి మూడు బైట్లే. తెలుగు సరిగ్గా పడుతుంది కాబట్టి మీకు అనుమానం రాదు. ఎవరో తెలుగు కామెంట్ చివర ఒక నవ్వు ఎమోజీ పెడతారు. దానికి నాలుగు బైట్లు కావాలి. అప్పుడు ఎర్రర్ వస్తుంది, లేదా అక్కడి నుంచి టెక్స్ట్ తెగిపోతుంది. అందుకే యూటీఎఫ్ 8 ఎంబీ 4 వాడండి. వెర్షన్ 8.0 నుంచి అదే డిఫాల్ట్. పాత డేటాబేస్‌లలో మాత్రం మీరే చూసుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే ఎన్‌వార్‌క్యార్ కాలమ్ పెట్టి, టెక్స్ట్ ముందు ఎన్ అక్షరం కూడా పెట్టండి. లేకపోతే అమ్మ పేరు తెలుగులో రాసినా, లోపల వరసగా ప్రశ్న గుర్తులే ఉంటాయి. అలా సేవ్ అయిన పేరు మళ్ళీ తిరిగి రాదు. అది గుర్తుంచుకోండి.

ఆరో పాఠం: తప్పు జరిగితే వెంటనే చెప్పు.

టెక్నికల్‌గా ఇది అన్నిటికంటే తేలిక. మనసుకి అన్నిటికంటే కష్టం. గిట్‌ల్యాబ్ వాళ్ళు ఆ రాత్రి ఏం చేశారో చూడండి. దాచలేదు. డేటా తిరిగి తెచ్చే పనిని యూట్యూబ్‌లో లైవ్‌లో చూపించారు. తర్వాత వివరంగా రిపోర్ట్ రాశారు. అందులో ఆ ఇంజనీర్ పేరు రాయలేదు, "టీమ్ మెంబర్ 1" అని రాశారు. ఎవరు చేశారు అన్నది కాకుండా, ఎందుకు జరిగే అవకాశం ఉంది అని వెతికారు. బ్యాకప్ ఎవరి బాధ్యతో ఎవరికీ తెలియకపోవడమే అసలు సమస్య అని తేల్చుకున్నారు.

అన్ని ఆఫీసులూ అలా ఉండవని నాకు తెలుసు. కొన్నిచోట్ల అరుస్తారు. అయినా చెప్పండి. వెళ్ళి మూడు ముక్కలు చెప్పాలి: ఏం రన్ చేశాను, ఎప్పుడు రన్ చేశాను, ఎన్ని రోస్. సారీ తర్వాత చెప్పొచ్చు. ఆ టైమ్ కరెక్ట్‌గా తెలిస్తేనే బ్యాకప్‌ని ఏ నిమిషం దగ్గర ఆపాలో సీనియర్‌కి తెలుస్తుంది. నేను దాచిన 20 నిమిషాలు నన్ను కాపాడలేదు. ఎవరివో అడ్రస్‌లు, ఓటీపీలు ఇంకో 20 నిమిషాలు తెలియని మనిషి ఫోన్‌కి వెళ్ళాయి. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు నా దగ్గర కూడా జూనియర్లు ఉన్నారు. పోయిన ఏడాది ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్, తప్పు టేబుల్ డిలీట్ చేశాను, 11:42కి, ఒక నిమిషం కూడా అవ్వలేదు" అంది. చేతిలో కాగితం మీద టైమ్ రాసుకుని ఉంది. అరగంటలో తిరిగి తెచ్చాం. ఆ అమ్మాయి ఏడుస్తుంటే, నా 41 వేల కథ చెప్పాను. ఏడుస్తూనే నవ్వింది.

ఈరోజు ఒక్క పని చెయ్యండి. మీ ల్యాప్‌టాప్‌లో ఏదైనా డేటాబేస్ ఉంటే, ఒక బ్యాకప్ తీసి, వేరే పేరుతో రిస్టోర్ చేసి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అది కుదిరిందా లేదా కింద కామెంట్‌లో చెప్పండి. మీరు చేసిన తప్పులుంటే అవి కూడా రాయండి, కంపెనీ పేరు లేకుండా. ఇంకొకరికి అదే పాఠం అవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో డెడ్‌లాక్‌ల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా, రన్ బటన్ నొక్కే ముందు సెలెక్షన్ ఎక్కడిదాకా ఉందో ఒకసారి చూసుకోండి.

ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.